ఇంటి గడప దాకా వైద్య విద్య

ఎంబీబీఎస్ విద్యార్థికి ఆసుపత్రి వార్డులోనే కాక, జనం ఉండే చోట కూడా వైద్యం నేర్పాలన్న ఆలోచన భారతదేశంలో ఒక విధానంగా రూపుదిద్దుకుని ఎనభై ఏళ్లు కావస్తోంది. ఆ బోధనకు కాలానికో పేరు వచ్చింది. మొదట అది హైజీన్. తర్వాత ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ అయింది, ఆపైన కమ్యూనిటీ మెడిసిన్ అయింది. ఇప్పుడు కొన్ని సంస్థల్లో కమ్యూనిటీ అండ్ ఫ్యామిలీ మెడిసిన్ అంటున్నారు. తెలుగు నాట పాత తరం డాక్టర్లు దాన్ని ఎస్పీఎం (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనే పిలుస్తారు. ఈ చరిత్ర పొడవునా ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. విద్యార్థిని ఊరికి పంపడానికి ప్రతి తరమూ ఏదో ఒక పథకం వేసింది. ఊళ్లో అతనికి చికిత్స నేర్పే గురువును తయారు చేసే పని మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

ఆసుపత్రి చుట్టూ అల్లుకున్న చదువు

కలకత్తా, మద్రాసు వైద్య కళాశాలలు రెండూ 1835 నాటివి. నిజాం రాజ్యంలో 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. ఆంధ్ర ప్రాంతపు తొలి వైద్య కళాశాల 1923లో విశాఖపట్నంలో ఏర్పడింది. ఈ కళాశాలలన్నీ బ్రిటన్ నమూనాలో నడిచాయి. మొదట శరీర నిర్మాణం, శరీర ధర్మం, ఆ తర్వాత పెద్దాసుపత్రి వార్డుల్లో మంచాల పక్కన నిలబడి నేర్చుకోవడం. ఆసుపత్రికి వచ్చిన రోగే పాఠం. రాని రోగి సంగతి సిలబస్‌లో లేదు.

హైజీన్ అనే సబ్జెక్టు ఉండేది. తాగునీరు, గాలి, మురుగు, మశూచి టీకా, కలరా కట్టడి వంటి అంశాల మీద కొన్ని ఉపన్యాసాలు, చివర ఒక పరీక్ష. అంతకు మించి దానికి చోటు లేకపోవడానికి పాలనాపరమైన కారణం ఉంది. బ్రిటిష్ పాలనలో చికిత్స ఒక శాఖ, ప్రజారోగ్యం మరో శాఖ. ఆసుపత్రులను సివిల్ సర్జన్లు చూసేవారు. టీకాలు, పారిశుధ్యం, జనన మరణాల లెక్కలు శానిటరీ అధికారులవి. ప్రజారోగ్యంలో పనిచేయదలచినవారు డిగ్రీ తర్వాత డీపీహెచ్ అనే డిప్లొమా విడిగా చదివేవారు. దాంతో రోగం రాకుండా చూడడం ఒక ప్రభుత్వోద్యోగి విధి అనీ, మామూలు డాక్టరుకు దానితో పని లేదనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. తర్వాతి కాలపు సంస్కరణలన్నీ పోరాడింది ఈ విభజనతోనే.

పల్లెలకు దగ్గరగా ఉన్న వైద్యులు ఈ కళాశాలల పట్టభద్రులు కారు. మెడికల్ స్కూళ్లలో నాలుగేళ్లు చదివిన ఎల్.ఎం.పి.లు. తాలూకా కేంద్రాల్లో, లోకల్ బోర్డు డిస్పెన్సరీల్లో, చిన్న పట్నాల్లో ప్రైవేటు ప్రాక్టీసులో ఎక్కువగా కనిపించింది వీరే. మద్రాసు ప్రెసిడెన్సీలో పానగల్ రాజా ప్రభుత్వం 1920ల మధ్యలో ఒక పథకం తెచ్చింది. పల్లెలో స్థిరపడి ప్రాక్టీసు పెట్టుకునే డాక్టరుకు ప్రభుత్వం ఏటా కొంత సొమ్ము సహాయంగా ఇస్తుంది; బదులుగా అతను పేదలకు ఉచితంగా వైద్యం చేయాలి. ఊళ్లో ఉండే డాక్టరును ప్రభుత్వం పోషించడానికి జరిగిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అయితే ఆ డాక్టరుకు పల్లె వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఏమీ ఉండేది కాదు. నేర్చుకున్నదంతా పట్నం వార్డులోనే.

భారతీయ వైద్య డిగ్రీల గుర్తింపు విషయంలో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్‌తో వచ్చిన వివాదం 1933 నాటి ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టానికి దారితీసింది. ఆ చట్టం పట్టభద్రులకే పరిమితమైంది, ఎల్.ఎం.పి.లను పక్కన పెట్టింది. కొత్త కౌన్సిల్‌కు కూడా లండన్ ప్రమాణాలే కొలబద్ద అయ్యాయి.

బయటి దేశాల నమూనాలు

విద్యార్థిని రోగి ఇంటికి తీసుకెళ్లే సంప్రదాయం కొన్నిచోట్ల అప్పటికే ఉంది. స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో 1776లో మొదలైన పేదల డిస్పెన్సరీ విద్యార్థులకు బోధనా స్థలం కూడా. మురికివాడల మెట్లెక్కి రోగిని అతని పక్క మీదే చూడడం అక్కడి శిక్షణలో భాగం. 1948లో అదే నగరంలో విశ్వవిద్యాలయం జనరల్ ప్రాక్టీసు బోధనా విభాగం పెట్టింది. దాన్ని నడిపిన రిచర్డ్ స్కాట్ 1963లో జనరల్ ప్రాక్టీసులో ప్రపంచంలోనే తొలి ప్రొఫెసర్ అయ్యాడు. కుటుంబ వైద్యుడు కూడా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాగలడని ఆ నియామకం చూపించింది.

చైనాలో మరో దారి తెరుచుకుంది. పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో ప్రజారోగ్యం బోధించిన జాన్ గ్రాంట్ 1925లో నగరంలోని ఒక వార్డును తీసుకుని, అక్కడి జనాభా మొత్తానికి ఒక ఆరోగ్య కేంద్రాన్ని ఏర్పాటు చేయించాడు. జనన మరణాల నమోదు, బాలింతల సంరక్షణ, బడి పిల్లల పరీక్షలు, ఇంటింటికీ నర్సు రాక, అన్నీ ఆ కేంద్రం నుంచే జరిగేవి. వైద్య విద్యార్థులు అక్కడ కొంతకాలం పనిచేయాలి. శరీర నిర్మాణానికి ప్రయోగశాల ఎలాగో ప్రజారోగ్యానికి జనావాసం అలాగన్నది గ్రాంట్ వాదన.

దక్షిణాఫ్రికాలోని పొలేలాలో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ దంపతులు 1940లో పెట్టిన ఆరోగ్య కేంద్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ చికిత్సా, నివారణా ఒకే బృందం చేతిలో ఉండేవి. కుటుంబం మొత్తాన్ని ఒకే బృందం చూసేది. పిల్లవాడి బరువు తగ్గితే ఇంటి పెరట్లో కూరగాయల సంగతి కూడా ఆ బృందమే మాట్లాడేది. దాని కొనసాగింపుగా 1945లో డర్బన్‌లో కుటుంబ, సామాజిక ఆరోగ్య శిక్షణ సంస్థ వెలిసింది. జాతి వివక్ష ప్రభుత్వం కింద ఆ పని సాగక కార్క్ దంపతులు దేశం విడిచారు. చివరికి జెరూసలెంలో పనిని కొనసాగించారు. కుటుంబ వైద్యం, సామాజిక వైద్యం ఒకే పనికి రెండు కొసలని మొదట నిరూపించింది పొలేలాయే. భారతదేశానికి మాత్రం పొలేలా నమూనా కాదు, పెకింగ్ నమూనా వచ్చింది. దాన్ని తెచ్చినవాడు గ్రాంట్.

సింగూరు, భోర్ కమిటీ

రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ విరాళంతో 1932 చివరలో కలకత్తాలో అఖిల భారత హైజీన్, ప్రజారోగ్య సంస్థ ప్రారంభమైంది. 1939లో గ్రాంట్ దానికి డైరెక్టరుగా వచ్చాడు. అదే ఏడాది హుగ్లీ జిల్లా సింగూరులో గ్రామీణ ఆరోగ్య శిక్షణ కేంద్రం మొదలైంది. పెకింగ్‌లో నగర వార్డులో చేసిన పనిని ఇక్కడ పల్లెల్లో చేయాలని ఉద్దేశం. ఆరోగ్య సిబ్బందికి శిక్షణ, ఇంటింటి లెక్క, మలేరియా, ప్రసూతి సంరక్షణ అన్నీ ఒక హద్దు గీసుకున్న ప్రాంతంలో నడిచాయి. తర్వాత వైద్య కళాశాలలు ఒక ప్రాంతాన్ని ఎంచుకుని ‘ఫీల్డ్ ప్రాక్టీస్ ఏరియా’ అని పేరుపెట్టడం వెనుక ఉన్నది సింగూరు పద్ధతే.

1943 అక్టోబరులో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్య సర్వే, అభివృద్ధి కమిటీ ఏర్పడింది. గ్రాంట్ అందులో సభ్యుడు. కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ మరో సభ్యుడు. 1946లో వెలువడిన నివేదిక దేశంలో దాదాపు 47,500 మంది డాక్టర్లున్నారనీ, సగటున 6,300 మందికి ఒక్కరనీ లెక్క తేల్చింది. వారిలో 60 శాతానికి పైగా లైసెన్షియేట్లే, అంటే ఎల్.ఎం.పి.లే. డాక్టర్లలో ఎక్కువమంది పట్నాల్లోనే ఉన్నారు.

వైద్య విద్య విషయంలో కమిటీ మూడు నిర్ణయాలు చేసింది. మొదటిది, దేశానికి ఒకే రకం డాక్టరు చాలు; అతను పూర్తి డిగ్రీ చదివిన ‘బేసిక్ డాక్టర్’ కావాలి. రెండోది, ప్రతి కళాశాలలో నివారణ, సామాజిక వైద్యానికి ప్రత్యేక శాఖ ఉండాలి. మూడోది, చదువు ముగించిన ప్రతి డాక్టరూ ఆ రంగంలో మూడు నెలలు శిక్షణ పొందాలి. కమిటీ దృష్టిలో కొత్త డాక్టరు ఒక ‘సోషల్ ఫిజీషియన్’. రోగానికి మందిచ్చి ఊరుకోకుండా, ఆ రోగం పుట్టిన పరిస్థితులను కూడా పట్టించుకునేవాడు.

మొదటి నిర్ణయం మీద కమిటీలోనే విభేదం వచ్చింది. లైసెన్షియేట్ చదువును వెంటనే ఎత్తేస్తే పల్లెలకు డాక్టర్లు దొరకరని ఆరుగురు సభ్యులు అసమ్మతి తెలిపారు. మెజారిటీ మాటే నెగ్గింది. మెడికల్ స్కూళ్లు కొన్ని కళాశాలలుగా మారాయి, కొన్ని మూతపడ్డాయి. ఎల్.ఎం.పి.ల తరం క్రమంగా అంతరించింది. వారు ఖాళీ చేసిన చోటును బేసిక్ డాక్టరు నింపలేదు. తెలుగు పల్లెల్లో ఆ చోటులోకి వచ్చినవారు ఆర్ఎంపీలు. ఏ కళాశాలలోనూ చదవకపోయినా, పిలిస్తే రాత్రిపూట ఇంటికి వచ్చేవారు, కుటుంబంలో ఎవరికి ఏ మందు పడదో గుర్తుండేవారు వీరే. కుటుంబ వైద్యుడి లక్షణాలు చదువులేని చోట మిగిలిపోయి, చదువున్న చోట కరువయ్యాయి.

ఎస్పీఎం శాఖల కాలం

1952లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో నివారణ వైద్యం బోధించే ఆచార్యుల సమావేశం, 1953లో లండన్‌లో తొలి ప్రపంచ వైద్య విద్యా మహాసభ జరిగాయి. ఆ ఊపులో 1955లో ఢిల్లీలో జరిగిన వైద్య విద్యా సమావేశం భోర్ కమిటీ సూచనను మళ్లీ పైకి తెచ్చింది. ఆ తర్వాత కళాశాలల్లో ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ శాఖలు వరసగా వెలిశాయి. ఆ కాలంలో తెలుగు నాట స్థాపించిన కళాశాలలు ఇవి: గాంధీ వైద్య కళాశాల 1954, కర్నూలు 1957, కాకినాడ రంగరాయ 1958, వరంగల్ కాకతీయ 1959, తిరుపతి ఎస్వీ 1960. ఈ కళాశాలలన్నీ పుట్టింది సరిగ్గా ఆ దశాబ్దంలోనే. కాబట్టి ఇక్కడి విద్యార్థులకు ఎస్పీఎం మొదటినుంచీ సిలబస్‌లో ఉన్న సబ్జెక్టు.

మరోపక్క 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం కింద బ్లాకుకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చొప్పున వచ్చాయి. కళాశాల శాఖకు దగ్గర్లోని పల్లెలో ఒక గ్రామీణ కేంద్రం, నగరంలో ఒక పట్టణ కేంద్రం జతచేశారు. చదువు ముగించి శిక్షణలో ఉన్న హౌస్ సర్జన్లు అక్కడ కొంతకాలం ఉండాలి. దానికే ‘రూరల్ పోస్టింగ్’ అని పేరు.

తరగతిలో నేర్పిన దాని స్వభావం తెలియాలంటే శాఖ మ్యూజియంలోకి వెళ్లాలి. గోడ పొడవునా మరుగుదొడ్డి నమూనాలు, రక్షిత బావి నమూనా, గాజు పలకల మధ్య అనాఫిలిస్, క్యూలెక్స్ దోమలు, పప్పుధాన్యాల సీసాలు, టీకా మందుల ఖాళీ ఆంపూల్స్. పరీక్షలో వీటినే బల్ల మీద వరసగా పెట్టి, గంట కొట్టినప్పుడల్లా విద్యార్థి ఒకదాని ముందు నుంచి మరోదాని ముందుకు జరగాలి. అందులో తప్పక ఉండేది హారక్స్ ఉపకరణం. బావి నీటిని శుద్ధి చేయడానికి ఎంత బ్లీచింగ్ పౌడర్ కావాలో తేల్చే పెట్టె అది. పెట్టెలో 200 మిల్లీలీటర్లు పట్టే తెల్ల గిన్నెలు ఆరు, లోపల గీత ఉన్న నల్ల గిన్నె ఒకటి, రెండు గ్రాముల పొడి పట్టే చెంచాలు, కలపడానికి గాజు పుల్లలు, ఒక పిపెట్, పిండి-అయొడైడ్ ద్రావణం ఉంటాయి.

పద్ధతి సులువైనదే. నల్ల గిన్నెలో ఒక చెంచా బ్లీచింగ్ పౌడర్ వేసి, కొద్ది నీటితో ముద్దగా కలిపి, గీత దాకా నీరు పోసి తేరనివ్వాలి. తెల్ల గిన్నెలు ఆరింటిలోనూ బావి నీరు పోయాలి. తేరిన ద్రావణం మొదటి గిన్నెలో ఒక చుక్క, రెండోదానిలో రెండు, అలా ఆరోదాని దాకా వేసి, ఒక్కోదాన్ని వేరు పుల్లతో కలిపి అరగంట ఆగాలి. ఆ తర్వాత ప్రతి గిన్నెలో మూడు చుక్కలు పిండి-అయొడైడ్ వేస్తే కొన్నిటిలో నీలి రంగు తేలుతుంది. స్పష్టంగా నీలం కనిపించిన మొదటి గిన్నె మూడోదైతే 455 లీటర్ల నీటికి మూడు చెంచాలు, అంటే ఆరు గ్రాములు కావాలి. బావి వ్యాసం, నీటి లోతు తాడుతో కొలిచి నీటి పరిమాణం లెక్కగట్టాలి. మందు కలిపిన నీటిని గంట సేపు తోడకూడదు కాబట్టి రాత్రివేళ కలపడం మేలు.

చెప్పుకోదగిన పాఠమే ఇది. కలరా వచ్చిన ఊళ్లో దీనికి మించిన వైద్యం లేదు. కానీ పరీక్ష గదిలో ఆ పెట్టె ‘స్పాటర్’గా మారిపోయింది. పేరు చెప్పి, ఉపయోగం రెండు వాక్యాల్లో రాస్తే మార్కులు. కుటుంబ అధ్యయనం కూడా అదే దారి పట్టింది. విద్యార్థికి ఒక ఇల్లు కేటాయిస్తారు. కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు, గదులు, కిటికీలు, పొయ్యి, తాగునీరు, నెలసరి ఆదాయం రాసుకోవాలి. ఆదాయాన్ని బి.జి. ప్రసాద్ 1961లో రూపొందించిన కొలమానంలో గానీ, పట్టణమైతే కుప్పుస్వామి కొలమానంలో గానీ పెట్టి కుటుంబం ఏ తరగతిదో తేల్చాలి. రికార్డు పుస్తకంలో సంతకం పడితే పని అయిపోయినట్టే. ఆ ఇంట్లో ముసలాయనకు దగ్గు ఉంటే విద్యార్థి ఆసుపత్రికి వెళ్లమని సలహా ఇవ్వగలడు. చికిత్స మాత్రం మరో శాఖ పని. ఎస్పీఎం శాఖకు ఆసుపత్రిలో పడకలు లేవు. మందుతో సంబంధం లేని శాఖగా అది స్థిరపడింది. జె.ఇ. పార్క్, కె. పార్క్ రాసిన పాఠ్యపుస్తకం 1970లో తొలిసారి వెలువడింది. అప్పటినుంచీ ఈ సబ్జెక్టు అంటే ‘పార్కు’ చదవడమే అన్నంతగా అది తరాల విద్యార్థుల చేతిలో నిలిచింది.

గ్రామీణ శిక్షణ ఎలా జరుగుతోందో ఆ రోజుల్లోనే పరిశీలించినవారూ ఉన్నారు. ముస్సోరీలో పుట్టి, లూధియానా క్రిస్టియన్ వైద్య కళాశాలలో పనిచేసిన కార్ల్ టేలర్, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం తరఫున పంజాబ్‌లోని నారంగ్‌వాల్‌లో గ్రామీణ ఆరోగ్య పరిశోధన నడిపాడు. అతని బృందం ఏడు భారతీయ వైద్య కళాశాలల రూరల్ ఇంటర్న్‌షిప్‌ను అధ్యయనం చేసి 1976లో ‘డాక్టర్స్ ఫర్ ద విలేజెస్’ అనే పుస్తకం ప్రచురించింది. ఉండడానికి వసతి, పక్కన నిలబడి నేర్పే సీనియరు, చేతికి నిజమైన బాధ్యత లేని చోట రూరల్ పోస్టింగ్ హాజరు పట్టీగా మిగులుతుందని అప్పటికే చాలామందికి అనుభవంలోకి వచ్చింది.

భిన్నంగా నడిచిన మూడు సంస్థలు

వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు ఈ విషయంలో ముందునుంచీ ఒక సౌలభ్యం ఉంది. ఐడా స్కడర్ రోడ్డు పక్క చెట్టు కింద ఆగి రోగుల్ని చూసే పద్ధతిని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలోనే ప్రారంభించింది. 1918లో మొదలైన ఆమె మహిళా మెడికల్ స్కూలు విద్యార్థినులు ఆ ‘రోడ్‌సైడ్’ ప్రయాణాల్లో వెంట వెళ్లేవారు. తర్వాతి కాలంలో అక్కడి సామాజిక వైద్య శాఖకు సొంత ఆసుపత్రి, సొంత పడకలు ఉండడం పెద్ద తేడా తెచ్చింది. పల్లెలో విద్యార్థి చూసిన గర్భిణికి కాన్పు చేసేదీ ఆ శాఖే. 1977లో కె.వి. కుప్పంలో ‘రూసా’ అనే గ్రామీణ విభాగం వచ్చింది. 1982లో నగర పేదల కోసం తక్కువ ఖర్చు చికిత్సా విభాగం ఏర్పడింది. చిత్తూరు జిల్లాకు ఆనుకునే ఉన్న ఊరు కాబట్టి వెల్లూరు వచ్చే రోగుల్లో తెలుగువారు ఎప్పుడూ ఎక్కువే.

సేవాగ్రాంలోని మహాత్మాగాంధీ వైద్య కళాశాలను గాంధీ శతజయంతి ఏడాది 1969లో సుశీలా నయ్యర్ స్థాపించింది. కొత్తగా చేరిన విద్యార్థులు మొదటి పదిహేను రోజులు గాంధీ ఆశ్రమంలో గడపాలి. ఆ తర్వాత బ్యాచి మొత్తానికి ఒక ఊరు దత్తత. పదిహేను రోజులు అదే ఊళ్లో మకాం. చదువు సాగినన్నాళ్లూ ఆ కుటుంబాల వద్దకే మళ్లీ మళ్లీ వెళ్లాలి. అర్ధశతాబ్దం తర్వాత దేశమంతటికీ వచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమానికి ఇది పూర్వరూపం.

ఢిల్లీ ఎయిమ్స్ 1965లో హర్యానాలోని బల్లబ్‌గఢ్‌లో సమగ్ర గ్రామీణ ఆరోగ్య సేవా ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఇక్కడ హౌస్ సర్జన్లు ఊళ్లోని ఆసుపత్రిలో రోగుల్ని చూస్తూ, ఆరోగ్య కార్యకర్తల వెంట ఇళ్లకు వెళ్తూ పనిచేశారు. ఎయిమ్స్‌కు 1969 నుంచి 1979 దాకా డైరెక్టరుగా ఉన్న వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టి విశాఖ వైద్య కళాశాలలో చదివినవాడు. ఆయన అధ్యక్షతన సామాజిక శాస్త్ర, వైద్య పరిశోధనా మండళ్ల (ఐసీఎస్ఎస్ఆర్, ఐసీఎంఆర్) ఉమ్మడి బృందం 1981లో ఇచ్చిన నివేదిక, పెద్దాసుపత్రుల చుట్టూ తిరిగే వైద్య నమూనాను వదిలి ప్రజల చేతికి అందే ఆరోగ్య వ్యవస్థ కట్టాలని వాదించింది.

ఈ మూడుచోట్లా ఉన్న సామ్యం ఒకటే. విద్యార్థిని ఊరికి తీసుకెళ్లిన ఉపాధ్యాయుడే ఆ ఊరికి వైద్యుడు కూడా.

రోమ్ పథకం

డాక్టర్ శ్రీవాస్తవ్ నాయకత్వంలోని బృందం 1975లో ఇచ్చిన నివేదిక, పట్నం ఆసుపత్రిలో తయారైన డాక్టరు గ్రామీణ దేశానికి సరిపోవడం లేదని నేరుగా చెప్పింది. దాన్ని అనుసరించి 1977లో వైద్య విద్యను పల్లె వైపు తిప్పే పథకం వచ్చింది. దాన్ని ఇంగ్లిషు పొడి అక్షరాలతో ‘రోమ్’ అన్నారు. ప్రతి వైద్య కళాశాల మొదట మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బాధ్యత తీసుకోవాలి. క్రమంగా జిల్లా మొత్తానికి విస్తరించాలి. ఎస్పీఎం శాఖే కాదు, మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వైద్య శాఖల ఆచార్యులు కూడా వంతులవారీగా పల్లెకు వెళ్లి అక్కడే బోధించాలి. అందుకోసం కళాశాలలకు సంచార వైద్య వాహనాలు ఇచ్చారు.

ఆలోచనలో లోపం లేదు. భోర్ తర్వాత వచ్చిన పథకాల్లో సమస్య మూలాన్ని పట్టుకున్నది ఇదే. అమలులో మాత్రం రెండు చిక్కులు వచ్చాయి. ఆరోగ్య కేంద్రం జిల్లా వైద్యాధికారి కింద ఉంటే, కళాశాల వైద్య విద్యా శాఖ కింద ఉండేది. మందులు, సిబ్బంది, వాహనం డీజిలు ఎవరి ఖాతాలోవన్న ప్రశ్న తెగలేదు. రెండోది, స్పెషలిస్టు ఆచార్యుడికి పల్లె ప్రయాణం వల్ల పదోన్నతిలో గానీ, ప్రాక్టీసులో గానీ కలిగే మేలు లేదు. వాహనాలు షెడ్లకు చేరాయి. పల్లె బాధ్యత మళ్లీ ఎస్పీఎం శాఖ మీదే పడింది. 1978లో ఆల్మా ఆటా ప్రకటన ప్రాథమిక వైద్యాన్ని ప్రపంచ నినాదం చేసినా, కళాశాలల్లో మారింది ఎక్కువగా శాఖ పేరు. అది క్రమంగా కమ్యూనిటీ మెడిసిన్ అయింది. 1997 నిబంధనలు హౌస్ సర్జన్సీలో ఈ శాఖకు రెండు నెలలు కేటాయించాయి. పీజీ ప్రవేశ పరీక్షకు తయారీ ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ రెండు నెలలు గదిలో కూర్చుని చదువుకునే కాలంగా మారాయి.

కుటుంబ వైద్యం వేరు దారి

ఇంగ్లండులో జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీ 1952లో, అమెరికాలో ఫ్యామిలీ ప్రాక్టీసుకు ప్రత్యేక బోర్డు 1969లో ఏర్పడ్డాయి. అక్కడ కుటుంబ వైద్యం ఒక స్పెషాలిటీగా నిలబడింది. భారతదేశంలో జనరల్ ప్రాక్టీసు అంటే పీజీ సీటు రానివారు చేసే పని అన్న చిన్నచూపు పెరిగింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 1960లలో జనరల్ ప్రాక్టీషనర్ల కోసం ఒక కాలేజీ పెట్టి కోర్సులు నడిపింది. 1982లో స్వతంత్ర సంస్థ అయిన జాతీయ పరీక్షల బోర్డు ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ అనే పీజీ అర్హత ఇవ్వసాగింది. అయితే ఆ శిక్షణ ఎక్కువగా ప్రైవేటు, మిషన్ ఆసుపత్రుల్లో జరిగేది. ఎంబీబీఎస్ విద్యార్థి చదివే కళాశాలలో ఫ్యామిలీ మెడిసిన్ శాఖ లేదు. కుటుంబ వైద్యుడు అతనికి గురువుగా ఎదురుపడే అవకాశమే లేదు.

అలా రెండు దారులు విడిపోయాయి. సామాజిక వైద్యం కళాశాలలో ఉంది, దాని చేతిలో రోగి లేడు. కుటుంబ వైద్యం చేతిలో రోగి ఉన్నాడు, దానికి కళాశాలలో చోటు లేదు. 2002 జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్యంలోనూ ఫ్యామిలీ మెడిసిన్‌లోనూ నిపుణుల కొరత ఉందని గుర్తించింది. ఆ తర్వాతి దశాబ్దంలో కేరళలోని కోళిక్కోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎండీ ప్రవేశపెట్టి, ప్రభుత్వ కళాశాలల్లో ముందు నిలిచింది. 2012లో తెరిచిన కొత్త ఎయిమ్స్‌లు చాలావరకు రెండు పేర్లూ కలిపి ఒకే శాఖ పెట్టాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కూడా ఆ బాటే పట్టాయి.

కుటుంబ దత్తత

2019 నాటి కొత్త పాఠ్య ప్రణాళిక ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే రోగుల మధ్యకు విద్యార్థిని తీసుకురావాలంది. చేరగానే సాగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పడం కూడా చేర్చింది. అఖిల భారత కోటాలో వచ్చిన ఉత్తరాది విద్యార్థి తెలుగు పల్లెలో ‘ఆయాసం’, ‘కళ్లు తిరగడం’, ‘నెల తప్పింది’ అన్న మాటలు అర్థం చేసుకోలేకపోతే ఇంటికి వెళ్లీ లాభం లేదు. 2020లో మెడికల్ కౌన్సిల్ స్థానంలోకి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. ఫ్యామిలీ మెడిసిన్ పీజీ కోర్సులను ప్రోత్సహించడం ఆ కమిషన్ చట్టంలోనే ఒక విధి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే నిబంధన కూడా అదే కాలంలో వచ్చింది.

2021-22 బ్యాచి నుంచి కుటుంబ దత్తత కార్యక్రమం తప్పనిసరి అయింది. ప్రతి విద్యార్థీ కనీసం మూడు కుటుంబాలను ఎంచుకుంటాడు. మూడేళ్లలో 26 సార్లు, మొత్తం 78 గంటలు వారి దగ్గరకు వెళ్లాలి. మొదటి ఏడాది ఇంటివారితో పరిచయం, కుటుంబ వివరాలు, ఎత్తు, బరువు, బీపీ. రెండో ఏడాది రక్తహీనత, షుగరు వంటివి గుర్తించి వైద్యం అందేలా చూడడం, పిల్లల టీకాల లెక్క. మూడో ఏడాది ఆ ఇంట్లో వచ్చిన మార్పును బేరీజు వేయడం. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పంచాయతీ తోడ్పాటుతో ఇదంతా జరగాలి. పాత కుటుంబ అధ్యయనంతో పోలిస్తే ఇక్కడ ఉన్న అసలు తేడా కాలం. ఒకసారి వెళ్లి రాసుకొచ్చిన ఆదాయం, కిటికీల లెక్క వల్ల తెలియనిది, రెండో ఏడాది వెళ్లినప్పుడు బీపీ మందు ఎందుకు ఆపేశారో అడిగితే తెలుస్తుంది. మందు ఖరీదా, ఆసుపత్రి దూరమా, తగ్గిపోయిందన్న నమ్మకమా అన్నది ఆ ఇల్లే చెబుతుంది.

ప్రభుత్వ సేవల్లో కూడా ఇదే కాలంలో కుటుంబ వైద్యుడి పేరు వినిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ప్రకారం పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంలో నిర్ణీత రోజుల్లో ఊరికి వచ్చి, మంచం పట్టినవారిని ఇంటికి వెళ్లి చూడాలి. తెలంగాణలో 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు నగర పేటల్లో ఎంబీబీఎస్ డాక్టరును అందుబాటులోకి తెచ్చాయి. ఈ పనులకు నియమితులైనవారు ఎక్కువమంది నేరుగా ఎంబీబీఎస్ ముగించి వచ్చినవారే. వారి చదువులో కుటుంబ వైద్యం ఒక శాఖగా లేదు.

భోర్ కమిటీ కోరిన మూడింటిలో ఒకే రకం డాక్టరు, ప్రతి కళాశాలకు ప్రత్యేక శాఖ అన్నవి ఏనాడో అమలయ్యాయి. సోషల్ ఫిజీషియన్‌ను తయారు చేసే శిక్షణ మాత్రం పథకం తర్వాత పథకంగా మారుతూ వచ్చింది. వెల్లూరు, సేవాగ్రాం, బల్లబ్‌గఢ్ అనుభవం చూస్తే దానికి కావలసిన షరతు స్పష్టంగానే ఉంది. ఇల్లు చూపించే గురువుకు ఆ ఇంటి రోగిని చూసే బాధ్యత, అందుకు తగిన ఆసుపత్రి, ఆ పనికి పదోన్నతిలో విలువ ఉండాలి. కుటుంబ దత్తత విద్యార్థి వైపు నుంచి ఆ ఏర్పాటులో సగం చేసింది. ప్రతి కళాశాలలో చికిత్స చేసే ఫ్యామిలీ మెడిసిన్ శాఖ ఏర్పడడం అందులో రెండో సగం.